మారుతి 800 (1997, కార్బ్యురేటర్ మోడల్): స్టార్ట్ అవుతుంది, కాసేపటికి ఆగిపోతుంది

పటమట_800

అందరికీ నమస్తే. బండి 1997 మారుతి 800, కార్బ్యురేటర్, నాలుగు గేర్లు. పొద్దున చోక్ లాగి సెల్ఫ్ కొడితే వెంటనే అందుకుంటుంది. స్లోలో (యాక్సిలరేటర్ తొక్కకుండా నిలబెట్టి ఉంచితే) ఐదారు నిమిషాలు చక్కగా తిరుగుతుంది. తర్వాత మిస్సింగ్ మొదలై, రెండు మూడు జర్కులిచ్చి ఆఫ్ అయిపోతుంది. స్టార్ట్ చేసిన వెంటనే రోడ్డెక్కితే కిలోమీటరు లోపే ఆగుతుంది, బెంజి సర్కిల్ దాకా కూడా రాదు. ఆగేముందు రేజ్ చేస్తే ఇంకా తొందరగా చచ్చిపోతుంది.

ఆగిన వెంటనే సెల్ఫ్ కొడితే ఇంజను తిరుగుతుంది గానీ అందుకోదు. పావుగంట వదిలేస్తే మళ్ళీ స్టార్ట్ అవుతుంది, కాకపోతే మొదటిసారంత సేపు నడవదు.

మార్చినవి: మూడు ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్, పెట్రోల్ ఫిల్టర్. బ్యాటరీ కొత్తది. కార్బ్యురేటర్ విప్పి కడిగించాం. ఏమీ తేడా లేదు. ఇప్పుడు కార్బ్యురేటరే మార్చాలంటున్నారు. మార్చాలా?

గొల్లపూడి_గేర్

మార్చేయండి బ్రో. పాత కార్బ్యురేటర్లు ఎంత కడిగినా అంతే. ఆటోనగర్‌లో సెకండ్‌హ్యాండ్‌వి దొరుకుతాయి.

ఆటోనగర్_పానా

ఆగండి. సెకండ్‌హ్యాండ్ కార్బ్యురేటర్ అంటే ఇంకొకరి రోగం డబ్బిచ్చి కొనుక్కోవడమే. త్రాటిల్ షాఫ్టు అరిగిందో లేదో బల్ల మీద పెట్టి చూస్తే తెలియదు, బిగించాక స్లో నిలవనప్పుడు తెలుస్తుంది.

ఆగిపోయే బండికి ముందు తేల్చాల్సింది ఒక్కటే. ఆగే క్షణాన పోయింది పెట్రోలా, కరెంటా? అది తేలకుండా ఏ పార్టు మార్చినా గుడ్డెద్దు చేలో పడ్డట్టే.

ఎంతసేపటికి ఆగుతోంది అన్నదే సగం చెప్పేస్తుంది. తాళం స్టార్ట్ నుంచి ఆన్‌లోకి వదలగానే ఆగితే ఇగ్నిషన్ స్విచ్ కాంటాక్టు, బ్యాలస్ట్ రెసిస్టర్ ఉన్న పాత బండ్లలో అయితే ఆ రెసిస్టర్. సెల్ఫ్ కొట్టేటప్పుడు స్పార్కు పుట్టించే కాయిల్‌కి వేరే దారిలో కరెంటు వస్తుంది, తాళం వదిలాక రెసిస్టర్ గుండా రావాలి. అది తెగితే ప్రతిసారీ ఇలాగే అంటుకుని ఆరిపోతుంది. చోక్ లోపలికి నెట్టగానే ఆగితే స్లో జెట్టు మూసుకుపోయింది, లేదా కార్బ్యురేటర్‌కి ఉండే ఫ్యూయల్ కట్ సోలెనాయిడ్ పనిచేయట్లేదు, లేదా ఎక్కడో గాలి లాగుతోంది. ఇంజను బాగా కాగాక, ఇరవై నిమిషాలు అరగంటకి ఆగితే కాయిల్, డెల్కోలోని (ప్లగ్గులకి స్పార్కు పంచే డిస్ట్రిబ్యూటర్‌లోని) పికప్ కాయిల్, ట్యాంకు మూత గాలి రంధ్రం, వేపర్ లాక్ (వేడికి పైపులో పెట్రోలు ఆవిరై అడ్డుపడటం).

మీది ఈ మూడింట్లో దేంట్లోనూ పడట్లేదు. ఒక లెక్క చూడండి. లీటరుకి 16 కి.మీ. ఇచ్చే బండి అర కిలోమీటరుకి తాగేది 30 మి.లీ. పైచిలుకు. స్లోలో గంటకి అర లీటరు అనుకుంటే నిమిషానికి 8 మి.లీ., అంటే అదే 30 మి.లీ. దాదాపు నాలుగు నిమిషాలొస్తుంది. కార్బ్యురేటర్ ఫ్లోట్ చాంబర్‌లో నిలవుండే పెట్రోలు కూడా ఆ లెక్కలోనే ఉంటుంది. మీ బండి చాంబర్‌లో ఉన్నది తాగేసి ఆగుతోందని నా అనుమానం. అలాంటప్పుడు కొత్త కార్బ్యురేటర్ పెట్టినా అదీ ఎండిపోతుంది.

రేపు బండి ఆగిన వెంటనే తాళం ఆఫ్ చేసి ఇవి చూడండి.

ఫ్లోట్ చాంబర్‌కి పక్కన చిన్న గుండ్రటి గాజు ఉంటుంది. పెట్రోలు మట్టం దాని మధ్య గుర్తు దగ్గర ఉండాలి. టార్చి వేసి చూడండి. తర్వాత ఎయిర్ ఫిల్టర్ మూత తీసి, కార్బ్యురేటర్ గొంతులోకి చూస్తూ యాక్సిలరేటర్ లివర్‌ని చేత్తో ఒక్కసారి తొయ్యండి. లోపల సన్నటి ధార చిమ్మాలి. చిమ్మకపోతే చాంబర్ ఖాళీ.

ఎయిర్ ఫిల్టర్ మూత మళ్ళీ పెట్టేశాకే కరెంటు చూడండి. పాత ప్లగ్గుని లీడుకి (ప్లగ్గు వైరుకి) తగిలించి, దాని ఒంటిని ఇంజనుకి గట్టిగా ఆనించి సెల్ఫ్ కొట్టించండి. నీలంగా టక్ టక్‌మని పడాలి. గొంతు తెరిచి ఉండగా స్పార్కు టెస్టు చేయొద్దు.

మాచవరం_మల్టీమీటర్

పానా గారి లెక్క బాగుంది గానీ కరెంటుని అప్పుడే పక్కన పెట్టేయకండి. పావుగంట చల్లారితే మళ్ళీ స్టార్ట్ అవుతోందంటే వేడికి తెగే కాయిల్ కూడా అచ్చం ఇలాగే చేస్తుంది.

తేడా పట్టుకోవడానికి గుర్తులున్నాయి. కరెంటు పోతే బండి స్విచ్ ఆపినట్టు ఒక్కసారిగా ఆగుతుంది. పెట్రోలు పోతే మిస్సింగ్, జర్కులు, ఈడ్చుకుంటూ ఆగుతుంది. మీరు జర్కులు అన్నారు కాబట్టి పెట్రోలు వైపే మొగ్గుంది, కాకపోతే పికప్ కాయిల్ వైరు విరిగీ విరగనట్టున్నా జర్కులొస్తాయి.

ఇంకో పని. కాయిల్ పాజిటివ్‌కి ఒక 12 వోల్టుల చిన్న బల్బు కట్టి, ఇంకో వైరు ఎర్త్‌కి ఇచ్చి, బల్బుని డాష్‌బోర్డు మీదకి తెచ్చుకోండి. బండి ఆగేటప్పుడు బల్బు మిణుకుమంటే స్విచ్ వైపు లోపం. వెలుగుతూనే ఉంటే కాయిల్ దాకా కరెంటు వస్తోందన్నమాట.

మీది ఎలక్ట్రానిక్ ఇగ్నిషనా, పాయింట్లా (డెల్కోలో తెరుచుకుంటూ మూసుకుంటూ స్పార్కు వేయించే కాంటాక్టులు)? పాయింట్లయితే గ్యాప్ 0.4 నుంచి 0.5 మి.మీ. ఉండాలి. పాయింట్లు నల్లగా కాలి గుంటలు పడ్డాయంటే కండెన్సర్ పోయినట్టు.

పటమట_800

ఎలక్ట్రానిక్. డెల్కో మూత తీసి చూశాను, పాయింట్లు లేవు. రేపు పొద్దున ఇద్దరూ చెప్పినవి చూసి రాస్తాను.

తెనాలి_జీపు

చిన్న సందేహం. ఈ బండి 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో గానీ మునిగిందా? సింగ్‌నగర్ వైపు మునిగిన బండ్లలో ట్యాంకులోకి నీళ్ళూ బురదా చేరితే తర్వాత అడుగున తుప్పు పట్టి, ఆ పొట్టు ట్యాంకు లోపలి జాలీకి అడ్డం పడుతుంది. నడిచేటప్పుడు పీల్పుకి జాలీకి అతుక్కుని, ఆగాక కిందకి జారిపోతుంది. పావుగంటకి మళ్ళీ నడవడానికి అదీ కారణం కావచ్చు. మార్చిన ఫిల్టర్‌లో గోధుమరంగు పొడి ఉందేమో కోసి చూడండి.

పటమట_800

వరదలో మునగలేదండీ. పాత ఫిల్టర్ కోశాను. తుప్పు లేదు, నల్లటి మెత్తటి నలకలున్నాయి. చేత్తో నలిపితే రబ్బరులా ఉన్నాయి.

పొద్దున చూసినవి. బండి ఆగిన వెంటనే గాజులో మట్టం కనపడలేదు, పూర్తిగా కిందకి వెళ్ళిపోయింది. గొంతులో ధార లేదు. స్పార్కు మూడు లీడ్లకీ నీలంగా, గట్టిగా పడుతోంది. బల్బు ఆగేదాకా వెలుగుతూనే ఉంది.

ఆటోనగర్_పానా

అయితే కార్బ్యురేటర్ నిర్దోషి. చాంబర్‌లోకి పెట్రోలు రావట్లేదు. నల్ల రబ్బరు నలకలు కూడా గుర్తుపెట్టుకోండి, పైపుల గురించి మళ్ళీ మాట్లాడదాం.

ఇక్కణ్ణుంచి వెనక్కి వెళ్ళాలి. చాలామంది ట్యాంకు దగ్గర మొదలెట్టి ముందుకొస్తారు, ట్యాంకు దించి రోజంతా పాడుచేసుకుంటారు. కార్బ్యురేటర్ దగ్గర మొదలెట్టి ఒక్కో అతుకూ వెనక్కి వెళ్తే ఎక్కడ పెట్రోలు బాగా వస్తుందో ఆ చోటుకీ, దాని ముందు చూసిన చోటుకీ మధ్యలోనే దోషం దొరికిపోతుంది.

ఈ టెస్టు చల్లటి బండి మీద కాదు, బండి ఆగిన మరు నిమిషంలోనే చెయ్యాలి. చల్లారాక చేస్తే అన్నీ బాగున్నట్టే కనిపిస్తాయి.

ముందు కాయిల్ నుంచి డెల్కోకి వెళ్ళే మధ్య లీడు పీకి, దాని కొసని వైరుతో ఇంజనుకి ఎర్త్ చెయ్యండి. గాల్లో వేలాడదీయొద్దు. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్‌లో ఆ వోల్టేజీకి దారి దొరక్కపోతే మాడ్యూల్ పోతుంది, పైగా పక్కనే పెట్రోలుంటుంది. తర్వాత కార్బ్యురేటర్‌కి వచ్చే పైపు ఊడదీసి పెట్రోలుకి తట్టుకునే డబ్బాలో పెట్టి, పది సెకన్లు సెల్ఫ్ కొట్టించండి. ఏసీ పంపు (ఇంజను మీది పెట్రోలు పంపు, ఎయిర్ కండిషనర్‌ది కాదు) కామ్‌షాఫ్టు తోస్తే కొట్టే పంపు కాబట్టి ధార ఆగి ఆగి వస్తుంది. ప్రతి దెబ్బకీ గట్టిగా చిమ్మాలి. బొట్లు బొట్లుగా వస్తే దోషం ఇంకా వెనకుంది.

అలా బొట్లుగా వస్తే పంపు అవుట్‌లెట్ దగ్గరే పైపు తీసి ఇంకోసారి. అక్కడా లేకపోతే పంపు ఇన్‌లెట్ పైపుని నేరుగా ఒక డబ్బా పెట్రోల్లో ముంచి ఇంకోసారి. మధ్యలో ఒకసారి ట్యాంకు మూత తీసి పెట్టి కూడా చూడండి. తీసేటప్పుడు బుస్సుమని గాలి లోపలికి లాగితే మూతలో రంధ్రం మూసుకుపోయినట్టు.

ఇసక బకెట్టో, పొడి మంట ఆర్పే సిలిండరో దగ్గరుంచుకోండి. కారిన పెట్రోలు ఆరేదాకా సెల్ఫ్ ముట్టుకోవద్దు.

ఇంజను ఆయిల్ డిప్‌స్టిక్ కూడా ఒకసారి లాగి వాసన చూడండి. పంపు డయాఫ్రం చిల్లుపడితే పెట్రోలు ఆయిల్లోకి దిగుతుంది, మట్టం పైగుర్తు దాటుతుంది. అలా ఉంటే బండి తిప్పడం ఆపేయాలి, బేరింగులు పోతాయి.

మంగళగిరి_ఇంజెక్షన్

నాది 2004 మారుతి 800, ఎంపీఎఫ్‌ఐ (కార్బ్యురేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మే రకం). అదీ స్టార్ట్ అయి ఆగుతోంది. ఇవే టెస్టులు చేయొచ్చా?

మాచవరం_మల్టీమీటర్

వద్దు. ఎంపీఎఫ్‌ఐలో లైను పీడనం రెండున్నర, మూడు బార్ దాకా ఉంటుంది, నడుస్తుండగా గానీ ఆపిన వెంటనే గానీ పైపు ఊడదీస్తే మొహం మీద చిమ్ముతుంది. దాంట్లో కార్బ్యురేటర్ లేదు, ఫ్లోటూ లేదు. స్టార్ట్ అయిన రెండు మూడు సెకన్లకే ఆగితే ఐడిల్ ఎయిర్ కంట్రోల్ వాల్వ్‌లో మసి, మ్యాప్ సెన్సార్ (ఇంజను పీల్పుని కొలిచేది) వాక్యూమ్ పైపు ఊడటం, పంపు రిలే కాంటాక్టు, ఈ మూడూ ముందు చూస్తారు. యాక్సిలరేటర్ కొద్దిగా తొక్కి పట్టుకుంటే నిలబడుతోందా? నిలబడితే ఐడిల్ వాల్వ్, త్రాటిల్ బాడీ మసి. తొక్కినా ఆగిపోతే పెట్రోలు పీడనం. వివరాలతో వేరే చర్చ మొదలెట్టండి, ఇక్కడ కలిస్తే రెండూ గందరగోళం అవుతాయి.

పటమట_800

కార్బ్యురేటర్ చివర: మొదట రెండు గట్టి చిమ్ములు, తర్వాత బొట్లు. ట్యాంకు మూత తీసి పెట్టినా అంతే, మూతలో బుస్సు లేదు.

పంపు అవుట్‌లెట్ దగ్గర: ప్రతి దెబ్బకీ గట్టిగా చిమ్ముతోంది.

ఆయిల్ వాసన మామూలే, మట్టం రెండు గుర్తుల మధ్యే ఉంది.

ఆటోనగర్_పానా

అయితే పంపు బాగుంది. ట్యాంకు బాగుంది. దోషం పంపుకీ కార్బ్యురేటర్‌కీ మధ్య ఉన్న జానెడు పైపులో. కంపెనీ బండిలో అక్కడ పైపు తప్ప ఇంకేమీ ఉండకూడదు. మీ దాంట్లో ఏముంది?

పటమట_800

మధ్యలో గుండ్రటి లోహపు ముక్క ఒకటుంది, రెండు కొసలకీ పైపులు తగిలించి క్లిప్పులు వేశారు. కింద చిన్న గిన్నెలాంటి మూత, పక్కన చిన్న పిడి. దాంట్లోంచి రెండు వైర్లు. ఒకటి బాడీకి స్క్రూతో ఎర్త్ చేశారు, రెండోది ఇన్సులేషన్ టేపు చుట్టి కాయిల్ పాజిటివ్ వైరుకి కలిపారు. ఇది కంపెనీదే అనుకున్నాను.

భవానీపురం_గ్యాస్

దొరికింది దొంగ! అది కంపెనీది కాదండీ. ఆ బండికి ఒకప్పుడు ఎల్‌పీజీ కిట్ ఉండేది. కిట్ వేసినప్పుడు గ్యాస్ మీద నడిచేటప్పుడు పెట్రోలు రాకుండా ఆపడానికి పంపుకీ కార్బ్యురేటర్‌కీ మధ్య పెట్రోల్ సోలెనాయిడ్ వాల్వ్ పెడతారు. డాష్‌బోర్డు మీది స్విచ్ పెట్రోలు వైపు వేస్తే దానికి 12 వోల్టులు వెళ్ళి తెరుచుకుంటుంది. కరెంటు లేకపోతే మూసే ఉంటుంది.

తర్వాత ఎవరో కిట్ తీసేశారు. సిలిండరు, గ్యాస్ పీడనం తగ్గించే రెడ్యూసర్, గాలిలో గ్యాస్ కలిపే మిక్సర్, స్విచ్ అన్నీ తీసి, ఈ వాల్వ్ మాత్రం వదిలేశారు. స్విచ్ లేదు కాబట్టి వైరుని కాయిల్‌కి చుట్టేశారు, తాళం వేస్తే తెరుచుకుంటుందిలే అని. కిట్ తీసిన పాత బండ్లలో ఇది కొత్తేమీ కాదు. కార్బ్యురేటర్ గొంతు మీద మిక్సర్ ఉండిపోయిందేమో కూడా చూడండి, అది ఉంటే గాలి దారి సన్నబడి పికప్ తగ్గుతుంది.

ఆ పిడి చేత్తో తెరిచే అవకాశం కోసం. సోలెనాయిడ్ దారిలో చెడిపోతే దాన్ని తిప్పితే వాల్వ్ తెరిచే ఉండిపోతుంది. ఇప్పుడు తిప్పి బండి నడిపి చూడండి. ఆగకపోతే కేసు తేలినట్టే. కింద గిన్నెలో జాలీ ఉంటుంది, విప్పి దాన్నీ చూడండి.

మాచవరం_మల్టీమీటర్

ఇప్పుడు నా వంతు. వాల్వ్ మార్చేసి ఊరుకునే ముందు అది ఎందుకు మూసుకుంటోందో కొలుద్దాం, ఎందుకంటే ఆ వైరు కాయిల్‌తో పంచుకుంటోంది. అక్కడ అతుకు కాలితే రేపు కాయిలూ ఇబ్బంది పెడుతుంది.

మీటర్ 20 వోల్టుల డీసీ మీద పెట్టండి. నల్ల తీగ బ్యాటరీ మైనస్‌కి, ఎర్ర తీగ వాల్వ్ వైరుకి. వైరు వాల్వ్‌కి తగిలించి ఉండగానే కొలవాలి. ఊడదీసి కొలిస్తే ఎంత కుళ్ళిన అతుకైనా 12 చూపిస్తుంది, కరెంటు పారనప్పుడు వోల్టేజీ పడదు. తాళం వేసిన వెంటనే ఒకసారి, ఇంజను నడిచిన రెండు నిమిషాలకి ఒకసారి, ఆగినప్పుడు ఒకసారి రాసుకోండి. ఎర్త్ స్క్రూ దగ్గర కూడా బాడీకీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య ఎంత ఉందో చూడండి. 0.2 దాటితే ఎర్త్ కూడా బాగోలేదు.

పటమట_800

పిడి తిప్పాను. స్లోలో అరగంట తిరిగింది, ఆగలేదు! రోడ్డు మీద కూడా రామవరప్పాడు రింగు దాకా వెళ్ళి వచ్చింది.

పిడి మళ్ళీ పాత స్థానంలో పెట్టి కొలిచినవి: తాళం వేయగానే 10.8. రెండు నిమిషాలకి 8.3, ఇంజను నడుస్తుండగానే, బ్యాటరీ దగ్గర 14 ఉన్నప్పుడు. ఆగాక, తాళం ఆన్‌లోనే ఉంచి చూస్తే 7.6. ఎర్త్ దగ్గర 0.1.

గిన్నె విప్పాను. జాలీ సగానికి పైగా అవే నల్ల నలకలతో మూసుకుపోయి ఉంది.

మాచవరం_మల్టీమీటర్

చూశారా, బ్యాటరీ దగ్గర 14, వాల్వ్ దగ్గర 8.3. మధ్యలో ఐదున్నర వోల్టులకి పైగా ఆ చుట్టిన అతుకు మింగుతోంది. రాగి తీగలు మెలేసి టేపు చుడితే కొన్నేళ్ళకి పచ్చగా చిలుం పడుతుంది. కరెంటు పారుతుంటే ఆ చోటు వేడెక్కి నిరోధం ఇంకా పెరుగుతుంది.

దీనికి తోడు వాల్వ్ కాయిల్ కూడా వేడెక్కుతుంది. రాగి నిరోధం ప్రతి డిగ్రీకీ 0.4 శాతం దాకా పెరుగుతుంది. 30 డిగ్రీల నుంచి 80కి వెళ్తే దాదాపు 20 శాతం. వోల్టేజీ తగ్గింది, నిరోధం పెరిగింది, కరెంటు రెండు వైపులా పడింది. ఇనుప కడ్డీని స్ప్రింగుకి వ్యతిరేకంగా పట్టి ఉంచే బలం చాలక వాల్వ్ మూసుకుంది. పావుగంట చల్లారితే రెండూ కొంచెం కోలుకుని మళ్ళీ తెరుచుకుంటుంది. ఇంజను వేడి పూర్తిగా దిగదు కాబట్టి రెండోసారి ఇంకా తక్కువ సేపు.

మొదటి నిమిషంన్నర రెండు నిమిషాలు వాల్వ్ తెరిచే ఉంది, మిగతాది పానా గారు చెప్పిన చాంబర్ పెట్రోలు. లెక్క సరిపోయింది.

గొల్లపూడి_గేర్

అయితే అతుక్కి సోల్డరింగ్ పెట్టి, జాలీ కడిగేస్తే సరిపోతుందిగా? వాల్వ్ ఎందుకు తీయడం?

ఆటోనగర్_పానా

తీసేయాలి. గ్యాస్ లేని బండికి దాంతో పనేముంది? ఇంకో నాలుగు అతుకులు, రెండు క్లిప్పులు, ఒక కాయిల్, ఒక రబ్బరు ప్యాకింగు, అన్నీ వేడి ఇంజను మీద. ఎక్కడ కారినా మంటే. లేని పార్టు చెడిపోదు.

తీసి పంపు నుంచి కార్బ్యురేటర్ దాకా అతుకు లేని ఒకే పైపు వేయండి. పైపు కొనేటప్పుడు రెండు చూడాలి. లోపలి వ్యాసం నాజిల్‌కి బిగుతుగా పట్టాలి, లావు పైపు కొని క్లిప్పుతో నొక్కితే ముడత పడి కారుతుంది. రెండోది రకం. పైపు మీద ముద్రించిన అక్షరాలు చదవండి. జే30 ఆర్7 అంటే మామూలు నైట్రైల్ రబ్బరు. జే30 ఆర్9 అంటే లోపల ఫ్లోరో రబ్బరు పొర ఉన్నది, ఇథనాల్‌కి తట్టుకుంటుంది. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్. మీ ఫిల్టర్‌లో, జాలీలో దొరికిన నల్ల నలకలు పాత పైపుల లోపలి పొర. పాత రబ్బరు ఉబ్బి, మెత్తబడి, పెచ్చులూడుతోంది. కాబట్టి ఈ ఒక్క పైపే కాదు, ట్యాంకు దగ్గర రబ్బరు ముక్కలు, పంపు ఇన్‌లెట్, రిటర్న్, అన్నీ ఒకేసారి మార్చండి. ముందు ఎక్కడ ఏ పైపుందో ఫోటో తీసుకోండి. పంపు మీద ఇన్‌లెట్, రిటర్న్ తారుమారైతే మళ్ళీ ఇదే చర్చ.

పళ్ళున్న స్క్రూ క్లిప్పులు కాకుండా చుట్టూ సమానంగా నొక్కే క్లిప్పులు వాడండి. పైపులు వేశాక మొదటి 500 కి.మీ. తర్వాత ఫిల్టర్ మళ్ళీ మార్చండి, లైన్లలో ఉన్న నలకలు అప్పటిదాకా వస్తూనే ఉంటాయి. ఫిల్టర్ మీద బాణం గుర్తు ఇంజను వైపు ఉండాలి.

మాచవరం_మల్టీమీటర్

వాల్వ్ తీసేశాక కాయిల్ పాజిటివ్ వైరు దగ్గర టేపు విప్పి, చిలుం పట్టిన భాగం కత్తిరించి, సరైన లగ్ (వైరు కొసకి వేసే లోహపు తొడుగు) నొక్కి, హీట్ ష్రింక్ గొట్టం వేయండి. తెగ్గొట్టిన కొసని ఊరికే టేపు చుట్టి వదలొద్దు. అది బాడీకి తగిలితే ఫ్యూజు పోతుంది, బండి నడిరోడ్డు మీద ఆగుతుంది, ఈసారి నిజంగానే కరెంటు లోపం.

భవానీపురం_గ్యాస్

ఒక కాగితం పని. ఆర్‌సీ తీసి ఇంధనం దగ్గర ఏముందో చూడండి. పెట్రోల్, ఎల్‌పీజీ రెండూ ఉంటే కిట్ తీసిన సంగతి ఆర్‌టీఏ ఆఫీసులో నమోదు చేయించాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం బండిలో ఇలాంటి మార్పు ఆర్‌సీలో ఉండాలి. ఫిట్‌నెస్‌కి వెళ్ళినప్పుడు సిలిండరు ఏదని అడిగితే ఇబ్బంది.

తెనాలి_జీపు

డీజిల్ బండ్ల వాళ్ళు ఈ చర్చ చదివితే ఒక మాట. గుంటూరు మిర్చి యార్డు చుట్టూ తిరిగే పాత జీపులు, వ్యాన్లు పొద్దున స్టార్టై రెండు నిమిషాలకి ఆగడానికి చాలాసార్లు కారణం లైన్లోకి గాలి పట్టడం. డీజిల్ కారినట్టు బయటికి కనిపించదు, ఎందుకంటే పంపు ముందు లైను పీల్చే వైపు ఉంటుంది, బయటి గాలి లోపలికొస్తుంది. ఫిల్టర్‌కీ పంపుకీ మధ్య కొద్దిసేపు పారదర్శకమైన పైపు వేసి బుడగలు చూడండి. బాంజో బోల్టుల రాగి వాషర్లు విప్పిన ప్రతిసారీ కొత్తవి వేయాలి. తర్వాత చేతి పంపు కొడుతూ బ్లీడ్ స్క్రూ దగ్గర నురగ ఆగి శుభ్రమైన డీజిల్ వచ్చేదాకా గాలి తీయాలి.

పటమట_800

వాల్వ్ తీసేశాం, పైపులన్నీ ఆర్9 వేయించాను, లగ్ కూడా అయింది. మిక్సర్ లేదు, ముందే తీసేశారు. ఇప్పుడు ఆగట్లేదు, గాజులో మట్టం ఎప్పుడు చూసినా మధ్య గుర్తు దగ్గరే ఉంది. ఒక్కటి మిగిలింది. సిగ్నల్ దగ్గర స్లో కొంచెం ఊగుతోంది, పైకీ కిందకీ. అప్పుడప్పుడు ఆగుతుందేమో అనిపిస్తుంది గానీ ఆగదు.

ఆటోనగర్_పానా

రెండు కారణాలుండొచ్చు, గాలి లాగడం లేదా మిక్చర్ పలచబడటం. ముందు గాలి సంగతి తేల్చకుండా స్క్రూ ముట్టుకోవద్దు.

బ్రేకు బూస్టర్ ఉన్న బండయితే దాని పైపు, పీసీవీ పైపు (ఇంజను లోపలి ఆవిర్లని మళ్ళీ పీల్చుకునేది), డెల్కో వాక్యూమ్ పైపు ఒక్కొక్కటీ వేలితో మూసి చూడండి. దేన్ని మూస్తే స్లో నిలకడగా మారుతుందో అక్కడ లోపం. కార్బ్యురేటర్ కడిగించినప్పుడు అడుగున ఉండే వేడి ఆపే దిమ్మె, ప్యాకింగులు పాతవే వేసుంటారు, అక్కడా లాగొచ్చు. నాలుగు నట్లు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించండి, ఒకే మూల గట్టిగా బిగిస్తే ఫ్లాంజి వంగుతుంది. వాక్యూమ్ గేజి దొరికితే స్లోలో 17 నుంచి 21 అంగుళాల (పాదరసం) మధ్య సూది కదలకుండా ఉండాలి. బెజవాడ సముద్రమట్టానికి పెద్ద ఎత్తు కాదు, ఎత్తుకి తగ్గింపు వేసుకోనక్కర్లేదు.

వాల్వ్ క్లియరెన్స్ చాలాకాలంగా చూడకపోతే చల్లటి ఇంజను మీద 0.15 మి.మీ. ఫీలర్ పెట్టి చూడండి. బిగుతుగా ఉన్న ఎగ్జాస్టు వాల్వ్ కూడా స్లోని ఊపుతుంది.

ఇవన్నీ బాగుంటే అప్పుడు మిక్చర్ స్క్రూ. మామూలు పెట్రోలు పూర్తిగా మండాలంటే కిలో పెట్రోలుకి 14.7 కిలోల గాలి కావాలి. ఈ20కి 13.5 చాలు. కార్బ్యురేటర్‌కి ఈ సంగతి తెలియదు, జెట్టు కొలత ప్రకారం పాత పాళ్ళలోనే పోస్తుంది, అంటే 8 శాతం దాకా పలచనవుతుంది. ఇంజను పూర్తిగా కాగాక, చోక్ లోపలికి నెట్టి ఉండగా, స్క్రూని లోపలికి ఎన్ని చుట్లు పోతుందో లెక్కపెడుతూ తిప్పండి. అడుగు తగలగానే ఆపాలి, బిగిస్తే సూది మొన గాడి పడి కార్బ్యురేటర్ నిజంగానే మార్చాల్సొస్తుంది. తిరిగి పాత లెక్కకి తెచ్చి, అక్కణ్ణుంచి పావు చుట్టు చొప్పున బయటికి. ప్రతి పావు చుట్టుకీ పది సెకన్లు ఆగి వినండి. స్లో ఎక్కువై నిలకడగా తిరిగే చోటు దాటి తగ్గడం మొదలైతే వెనక్కి రండి. తర్వాత త్రాటిల్ స్క్రూతో స్లోని 900 ఆర్‌పీఎం దగ్గర పెట్టండి.

మాచవరం_మల్టీమీటర్

మిక్చర్ చిక్కగా పెడితే స్లో బాగుంటుంది గానీ పొల్యూషన్ టెస్టులో దొరికిపోతారు. భారత్ స్టేజ్‌కి ముందు కార్లకి స్లోలో పొగలో సీఓ (కార్బన్ మోనాక్సైడ్) 3 శాతం, హెచ్‌సీ (మండని హైడ్రోకార్బన్లు) 1500 పీపీఎం దాటకూడదు. వీలైతే పొల్యూషన్ సెంటర్ దగ్గరే, గ్యాస్ మీటర్ గొట్టం సైలెన్సర్‌లో ఉండగానే స్క్రూ తిప్పించుకోండి. చెవి కంటే అది నయం.

పటమట_800

డెల్కో వాక్యూమ్ పైపు కొస పగిలి ఉంది, వేలు పెడితే స్లో నిలబడింది. పగిలిన కొస కోసి తగిలిస్తే పొడవు చాలట్లేదు, కొత్తది వేయాలి. దీనికీ ఆర్9 పైపేనా?

ఆటోనగర్_పానా

అక్కర్లేదు. దాంట్లో పెట్రోలు పారదు, గాలి పీల్పే. వాక్యూమ్ పైపని అడగండి, సన్నటిది, గోడ దళసరిగా ఉండాలి. పల్చటి పైపు వేడికి మెత్తబడి పీల్పుకి నొక్కుకుపోతుంది, అడ్వాన్స్ (స్పార్కు కాస్త ముందుగా పడటం) రాదు. కొత్తది వేశాక మిక్చర్ స్క్రూ తిప్పే అవసరమే ఉండకపోవచ్చు, ముందు నడిపి చూడండి.